లైన్ క్లియర్ వచ్చాకే

రైల్వేలో అబ్సొల్యూట్ బ్లాక్ అనే పద్ధతి ఒకటుంది. రెండు స్టేషన్ల మధ్య ఒక పట్టా మీద ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. వెనక స్టేషన్‌లో ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉన్నా సరే, ముందు పోయిన గూడ్సు పూర్తిగా అవతలి స్టేషన్ చేరి, అక్కడి స్టేషన్ మాస్టర్ లైన్ క్లియర్ ఇచ్చేదాకా సిగ్నల్ పడదు. సింగిల్ లైన్ మార్గాల్లో టోకెన్ నడిచిన రోజుల్లో కట్టుదిట్టం ఇంకా ఎక్కువ. బెత్తపు చట్రానికి తగిలించిన తోలు సంచిలో ఒక లోహపు గుండు ఉండేది. అది డ్రైవర్ చేతికి అందితేనే బండి కదిలేది. ఆ గుండు అవతలి స్టేషన్ యంత్రంలో పడేదాకా ఆ సెక్షన్‌కి ఇంకో గుండు బయటికి వచ్చేది కాదు.

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే బండ్లు నెక్కొండ, ఇంటికన్నె దాటి కేసముద్రం మీదుగా మహబూబాబాద్ చేరతాయి. ఈ కేసముద్రానికి స్టేషన్‌తో పాటు పేరున్న వ్యవసాయ మార్కెట్ కూడా ఉంది. మక్కలు, పత్తి, పసుపు, మిర్చి వచ్చే యార్డు. పట్టాల మీద ఎప్పటి నుంచో ఉన్న ఆ క్రమశిక్షణే ఇవాళ యార్డులో తిరిగే ప్రతి ఫోన్‌కీ కావాలి. ఫోన్ లోపల కూడా ఒకే పట్టా మీదికి రెండు బండ్లు వచ్చే ప్రమాదం ఉంది. అక్కడ పెద్ద చప్పుడేమీ కాదు. లెక్క మాత్రం తప్పుతుంది.

దేశంలోని మార్కెట్లను ఆన్‌లైన్‌లో కలిపే ఈనామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైంది. ఆ తర్వాత ఇందులో చేరిన తెలంగాణ మార్కెట్లలో కేసముద్రం ఒకటి. సరుకు గేటు దాటగానే లాట్ నంబర్ పడుతుంది, నాణ్యత చూస్తారు, ఖరీదుదారులు ఆన్‌లైన్‌లో ధర వేస్తారు, తర్వాత కాంటా, తర్వాత తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ. 2025 పత్తి సీజన్ నుంచి పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐకి అమ్మాలన్నా కపాస్ కిసాన్ ఆప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. రైతు ఏడాది కష్టం ఇప్పుడు కాంటా మీద ఎంత ఆధారపడుతుందో ఫోన్‌లో పడే అంకె మీదా అంతే ఆధారపడుతోంది. అందుకే ఆ అంకె లోపల ఎలా రాయబడుతుందో తెలుసుకోవడం ఆప్‌లు రాసేవాళ్లకే పరిమితమైన విషయం కాదని నా నమ్మకం.

ఉదాహరణ కోసం మనమే ఒక ఆప్ ఊహించుకుందాం. ఏ ప్రభుత్వ ఆప్‌తోనూ దీనికి సంబంధం లేదు. ఒక అడ్తిదారు తూకం వేసే తన దడువాయి కోసం తయారు చేయించుకున్నాడు. కాంటా మీద బస్తా పెట్టగానే దడువాయి బరువు కొడతాడు, ఆప్ దాన్ని ఫోన్‌లోని డేటాబేస్‌లో రాసి, ఆ లాట్ మొత్తం బరువును పెంచుతుంది. సిగ్నల్ అందినప్పుడు లెక్కంతా సర్వర్‌కి పంపుతుంది.

ఆప్ తెరవగానే ఫోన్ దానికి ఒక థ్రెడ్ ఇస్తుంది. థ్రెడ్ అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఆదేశాలను నడిపించుకుంటూ పోయే దారి. ఈ మొదటి థ్రెడ్‌ని మెయిన్ థ్రెడ్ అంటారు. తెర గీయడం, వేలు ఎక్కడ తాకిందో చూడడం, బటన్ నొక్కితే స్పందించడం, అన్నీ దీని పనులే. తెర సెకనుకు 60 సార్లు మారే ఫోన్‌లో ఒక్కో బొమ్మకి దీనికి దొరికే సమయం సుమారు 16 మిల్లీసెకన్లు. ఆ లోపు బొమ్మ సిద్ధం కాకపోతే తెర జర్కు కొడుతుంది. వేలి తాకిడికి 5 సెకన్ల దాకా జవాబు రాకపోతే ఆండ్రాయిడ్ ఊరుకోదు. ఆప్ స్పందించడం లేదు, మూసేయమంటారా అని అడుగుతుంది.

డేటాబేస్‌లో రాయడమంటే ఫోన్ నిల్వలోకి, అంటే ఫ్లాష్ చిప్‌లోకి, అక్షరాలు నిజంగా చేరాయని నిర్ధారించుకోవడం. దానికి ఒకసారి రెండు మిల్లీసెకన్లు పడితే, ఇంకోసారి యాభై పట్టవచ్చు. పాత ఫోన్, నిండిపోయిన నిల్వ, వెనక ఇంకేదో ఆప్ అప్‌డేట్ అవుతుండడం లాంటివి తోడైతే ఇంకా ఎక్కువ. ఈ పనిని మెయిన్ థ్రెడ్ మీద పెడితే దడువాయి వేలు తెర మీద ఉండగానే ఆప్ బిగుసుకుపోతుంది. 2017లో గూగుల్ విడుదల చేసిన రూమ్ అనే డేటాబేస్ లైబ్రరీ ఈ విషయంలో ఖరాఖండిగా ఉంటుంది. మెయిన్ థ్రెడ్ నుంచి డేటాబేస్‌ని తాకబోతే, ప్రత్యేకంగా అనుమతి రాసి ఉంటే తప్ప, అక్కడికక్కడే ఆప్‌ని ఆపేస్తుంది. నేర్చుకునేవాళ్లకి మొదట్లో విసుగు పుట్టినా, అంత కఠినంగా ఉండడమే మంచిదని నాకనిపిస్తుంది.

సరే, పనిని మెయిన్ థ్రెడ్ నుంచి తప్పించి, వెనక నడిచే ఇంకో థ్రెడ్‌కి పంపాలి. ఇక్కడే చాలామంది జారిపడేది. బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త థ్రెడ్ పుట్టించి, ఈ బస్తా సంగతి నువ్వు చూసుకో అని వదిలేస్తారు. తెర హాయిగా కదులుతుంది. చేతిలో పట్టుకుని చూస్తే ఆప్ బ్రహ్మాండంగా ఉంటుంది.

లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఒక మక్కల లాట్. ఇప్పటిదాకా తూగింది 1,180 కిలోలు. దడువాయి 41 కిలోల బస్తా కొట్టాడు, వెంటనే 43 కిలోల బస్తా కొట్టాడు. రెండు థ్రెడ్లు పుట్టాయి. మొదటిది డేటాబేస్‌ని అడిగింది: మొత్తం ఎంత? 1,180. అది 41 కలిపేలోగా ప్రాసెసర్ రెండో థ్రెడ్‌కి తిరిగింది. అదీ అడిగింది: మొత్తం ఎంత? ఇంకా 1,180 మాత్రమే. మొదటిది 41 కలిపి 1,221 అని రాసింది. రెండోది తన దగ్గరున్న పాత అంకెకే 43 కలిపి, ఆ 1,221 మీద 1,223 అని రాసేసింది. ఉండాల్సింది 1,264. 41 కిలోలు మాయమయ్యాయి. 2025–26లో మక్కలకు ఉన్న క్వింటా 2,400 రూపాయల మద్దతు ధర లెక్కన చూస్తే 984 రూపాయలు. ఎవరూ మోసం చేయలేదు, కాంటా తప్పు చూపలేదు, దడువాయి తప్పు కొట్టలేదు. ఆప్ కూడా ఏ ఎర్రర్ చూపలేదు, ఎందుకంటే విడివిడిగా చూస్తే రెండు థ్రెడ్లూ చేసిన పని సరైనదే.

డేటాబేస్‌కి తాళం ఉంటుంది కదా, అది కాపాడదా అని అడగవచ్చు. రాసే క్షణంలో తాళం పడుతుంది, నిజమే. కానీ చదవడం ఒక పనిగా, రాయడం ఇంకో పనిగా విడదీసినప్పుడు ఆ రెండింటి మధ్యలో తాళం ఉండదు. చదివి, కలిపి, రాయడం మొత్తం ఒకే ముక్కగా, మధ్యలో ఎవరూ దూరకుండా జరగాలి. బండి ఇంటికన్నె వదిలి కేసముద్రం పూర్తిగా చేరేదాకా ఆ పట్టా దానిదే అన్నట్టు. ఈ సమస్యను గణితపరంగా పట్టుకున్నవాడు నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. అనేక పనులు ఒకే వస్తువును పంచుకున్నప్పుడు ఒకరి తర్వాత ఒకరే లోపలికి వెళ్లేలా చూసే మార్గాన్ని 1965లో ప్రచురించాడు. అలాంటి కాపలా కోసం ఆయన రూపొందించిన సాధనం సెమాఫోర్. పాత స్టేషన్లలో చెయ్యెత్తి దించే రెక్క సిగ్నల్ పేరు అదే.

ఈ రకం తప్పుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది అవి పరీక్షల్లో దొరకకపోవడం. రెండు థ్రెడ్లూ సరిగ్గా ఆ ఇరుకు సందులో తారసపడితేనే తప్పు బయటపడుతుంది. ఆఫీసులో కూర్చుని నింపాదిగా బస్తాలు కొట్టి చూస్తే ప్రతిసారీ లెక్క సరిపోతుంది. సీజన్‌లో యార్డు నిండా రాశులు ఉన్నప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు, దడువాయి వేగంగా కొడుతున్నప్పుడే అది జరుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ఎడ్వర్డ్ లీ బృందం రాసిన ఒక ప్రోగ్రాం సంగతే చూడండి. థ్రెడ్ల విషయంలో ఎంతో జాగ్రత్తగా రాశారు, తోటివాళ్లతో తనిఖీ చేయించారు, పరీక్షలు కట్టారు. నాలుగేళ్లు చక్కగా నడిచి 2004లో ఒకరోజు థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోయాయి. లీ 2006లో రాసిన వ్యాసంలో థ్రెడ్ల మీద ఆధారపడే పద్ధతినే ప్రశ్నించాడు.

ఆ ప్రోగ్రాం బిగుసుకుపోవడానికి ముందు ఏడాది, 2003 ఆగస్టు 14న, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలోని ఆంటేరియోలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఒహాయోలోని కంట్రోల్ రూమ్ అలారం సాఫ్ట్‌వేర్. ఒకే సమాచారాన్ని ఒకే సమయంలో రెండు పనులు రాయబోయి, అలారం వ్యవస్థ చిక్కుపడి ఆగిపోయింది. లైన్లు ఒక్కొక్కటే తెగుతున్నా ఆపరేటర్లకు కబురు అందలేదు. 41 కిలోల మక్కలకీ ఈ చీకటికీ మూలం ఒకే రకమైన తప్పు.

ఇప్పుడు ఫోన్‌లోని డేటాబేస్ స్వభావం కొంచెం తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దాదాపు అంతా వాడేది ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ అనే అమెరికన్ 2000లో దీన్ని మొదలుపెట్టాడు. అప్పట్లో ఆయన ఒక యుద్ధనౌక సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాడు. డేటాబేస్ సర్వర్ అందుబాటులో లేనప్పుడల్లా తన ప్రోగ్రాం ఆగిపోతుంటే, అసలు సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఎందుకు ఉండకూడదనుకున్నాడు. ఆ ఆలోచన ఫలితంగా డేటాబేస్ మొత్తం ఒకే ఒక ఫైల్ అయింది. మన లాట్లు, బస్తాలు, రైతుల పేర్లు అన్నీ అందులోనే ఉంటాయి.

ఒకే ఫైల్ కాబట్టి నియమం కూడా సూటిగా ఉంటుంది. చదివేవాళ్లు ఎందరైనా ఉండవచ్చు, రాసేవాడు మాత్రం ఒక సమయంలో ఒక్కడే. 2010లో వచ్చిన వాల్ అనే పద్ధతిలో ఒకరు రాస్తున్నా మిగతావాళ్లు ఆగకుండా చదువుకోవచ్చు. అందులోనూ రాసేవాడు ఒక్కడే. పది థ్రెడ్లు పుట్టించి పదింటికీ రాసే పని అప్పగించినా తొమ్మిది తాళం దగ్గరే పడి ఉంటాయి. కొన్ని విసిగిపోయి, డేటాబేస్ లాక్ అయింది అనే ఎర్రర్‌తో తిరిగొస్తాయి. ఆ ఎర్రర్‌ని పట్టించుకోని ఆప్‌లో ఆ బస్తా అసలు ఎక్కదు. వేగం కోసం థ్రెడ్లు పెంచితే వచ్చింది ఇదీ. రాసే పనుల్లో వేగం కావాలంటే దారి వేరే ఉంది. 200 బస్తాల వివరాలు సర్వర్ నుంచి ఒకేసారి దిగినప్పుడు, వాటిని 200 విడి రాతలుగా కాకుండా ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయాలి. ఖర్చంతా ప్రతి ట్రాన్సాక్షన్ చివర, నిల్వలోకి నిజంగా చేరిందా అని చూసే దగ్గరే ఉంటుంది. 200 సార్లు చూసే బదులు ఒక్కసారి చూస్తే సరిపోతుంది. పైగా మధ్యలో ఫోన్ ఆరిపోతే 200లో 113 మాత్రమే ఎక్కిన సగం లెక్క మిగలదు. ఎక్కితే అన్నీ ఎక్కుతాయి, లేకపోతే ఏదీ ఎక్కదు.

ఆండ్రాయిడ్ తయారుచేసిన గూగుల్‌కే ఈ పాఠం ఒంటబట్టడానికి కొంత కాలం పట్టింది. ఆ కథ ప్రతి ప్రోగ్రామింగ్ తరగతిలోనూ చెప్పదగ్గది. 2009లో ఆండ్రాయిడ్ 1.5తో అసింక్‌టాస్క్ అనే సాధనం వచ్చింది. వెనక చేయాల్సిన పనిని దానికి అప్పగిస్తే చాలు, పని అయ్యాక ఫలితాన్ని మెయిన్ థ్రెడ్‌కి అదే తెచ్చి ఇస్తుంది. మొదట్లో ఈ పనులన్నీ ఒకే వెనక థ్రెడ్ మీద, ఒకదాని తర్వాత ఒకటిగా నడిచేవి. అదే ఏడాది వచ్చిన 1.6లో దాన్ని మార్చారు. ఒక గుంపు థ్రెడ్లు పెట్టి, పనులన్నీ సమాంతరంగా పరుగెత్తేలా చేశారు. చూడ్డానికి ఇది మెరుగుదలే. కానీ ఆప్‌లు రాసినవాళ్లు తమ పనులు వరుసలో నడుస్తాయనే ధీమాతో ఉన్నారు. ఇప్పుడు రెండో పని మొదటిదానికంటే ముందే ముగియవచ్చు. ఇంకా పుట్టని లాట్‌కి బస్తా చేర్చబోవచ్చు. తీసేసిన నమోదు మళ్లీ కనిపించవచ్చు.

2011లో వచ్చిన 3.0లో గూగుల్ వెనక్కి తగ్గింది. అసింక్‌టాస్క్ పనులు మళ్లీ ఒకే థ్రెడ్ మీద, వరుసలోనే. సమాంతరంగా నడపడం వల్ల ఆప్‌లలో మామూలుగా వచ్చే తప్పులను తప్పించడానికే ఇలా చేశామని తన డాక్యుమెంట్లలోనే రాసింది. నిజంగా సమాంతరం కావాలనుకునేవాళ్లు ఆ మాట విడిగా చెప్పి అడగాలి. చివరికి 2020లో ఆండ్రాయిడ్ 11తో అసింక్‌టాస్క్‌నే పక్కన పెట్టేశారు, దానికి వేరే కారణాలున్నాయి. నాకు మాత్రం 2011 నిర్ణయం గొప్పదనిపిస్తుంది. అడగకుండా దొరికేది వరుస కావాలి, కోరి తెచ్చుకునేది సమాంతరం కావాలి. ఆ క్రమం తిరగబడితే తప్పు చేయడం తేలికైపోతుంది.

ఇవాళ వరుస కట్టడానికి సాధనాలకు కొదవ లేదు. 2004లో వచ్చిన జావా 5లోనే సింగిల్ థ్రెడ్ ఎగ్జిక్యూటర్ ఉంది. దాని ముందు ఒక క్యూ, వెనక ఒకే ఒక థ్రెడ్. పనులు వచ్చిన క్రమంలోనే నడుస్తాయి, ఒక సమయంలో ఒకటే నడుస్తుంది. ఏదైనా పని చెడి ఆ థ్రెడ్ చచ్చిపోతే దాని స్థానంలో కొత్త థ్రెడ్ వచ్చి మిగతా క్యూని అందుకుంటుంది. ఆపిల్ వైపు 2009లో వచ్చిన గ్రాండ్ సెంట్రల్ డిస్పాచ్‌లో సీరియల్ క్యూ ఇదే పని చేస్తుంది. కోట్లిన్‌లో కొరూటీన్లు (మధ్యలో ఆగి మళ్లీ సాగగల పనులు) వాడేవాళ్లు ఒక సమయంలో ఒకటే నడవాలన్న పరిమితి పెట్టుకోవచ్చు. కాకపోతే అక్కడ పని మధ్యలో ఎక్కడైనా ఆగి నిరీక్షిస్తే, ఆ సందులో ఇంకో పని దూరుతుంది. కొత్తవాళ్లు ఇది గమనించాలి.

మన ఆప్‌కి వస్తే, దడువాయి బరువు కొట్టగానే మెయిన్ థ్రెడ్ ఒక పనిని క్యూలో వేసి వెంటనే తెర దగ్గరికి తిరిగి వస్తుంది. ఆ పనిలో మూడు అడుగులూ కలిసే ఉంటాయి: లాట్ మొత్తం చదువు, బస్తా కలుపు, రాయి. 43 కిలోల బస్తా పని, 41 కిలోల పని పూర్తయ్యాకే మొదలవుతుంది. అది చదివేసరికి మొత్తం 1,221 అయి ఉంటుంది, 1,264 అని రాస్తుంది. పని ముగిశాక కొత్త మొత్తాన్ని మెయిన్ థ్రెడ్‌కి అందిస్తే తెర మీద అంకె మారుతుంది. తాళాలు లేవు, సెమాఫోర్లు లేవు. అయితే ఆ క్యూని దాటి డేటాబేస్‌లో రాసే దొడ్డిదారి ఒక్కటి కూడా ఉండకూడదు. సర్వర్ నుంచి వచ్చే మార్పులను రాసే భాగాన్ని ఇంకెవరో రాశారనుకోండి, వాళ్లు తమకంటూ వేరే థ్రెడ్ పెట్టుకున్నారనుకోండి, మళ్లీ మొదటికొస్తుంది. ఒక డేటాబేస్‌కి ఒకే క్యూ అన్నది ఆప్ మొత్తానికి చెల్లే నియమం కావాలి. దాంతోపాటు మొత్తాన్ని చదివి కలిపే బదులు, ఉన్నదానికి ఇంత చేర్చు అని డేటాబేస్‌కే ఒక్క ఆదేశంగా చెప్పడం ఇంకా క్షేమం. రెండూ చేస్తే నష్టం లేదు.

వరుసకీ ఒక బలహీనత ఉంది. దాన్ని కేసముద్రం వాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1న కుండపోత వానకి ఇంటికన్నె–కేసముద్రం మధ్య కట్ట కోసుకుపోయింది. కింద కంకర, మట్టి పోయి పట్టాలు గాల్లో వేలాడాయి. తెగింది ఆ కొద్ది మేరే అయినా ఆ మార్గంలో బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఎన్నో రద్దయ్యాయి, ఎన్నిటినో దారి మళ్లించారు. ఒకే దారిలో వరుసగా పోవాలంటే ముందున్నది కదిలితేనే వెనకున్నది కదులుతుంది.

డేటాబేస్ క్యూలోనూ అంతే. మూడు మిల్లీసెకన్లలో ముగిసే పనుల నడుమ ఎవరో ఒక సర్వర్ పిలుపు పెట్టారనుకోండి: ఈ లాట్‌ని సర్వర్‌కి పంపు, జవాబు వచ్చాక పంపినట్టు గుర్తు రాయి. యార్డులో సీజన్ రద్దీకి నెట్‌వర్క్ సన్నబడుతుంది. ఆ జవాబుకి 30 సెకన్లు పట్టిందంటే ఆ 30 సెకన్లూ దడువాయి కొట్టిన బస్తాలన్నీ క్యూలో పోగుపడతాయి. అందుకే పనిని విరగ్గొట్టాలి. పంపాల్సిన లాట్‌ని చదవడం డేటాబేస్ క్యూలో ఒక చిన్న పని. పంపడం పూర్తిగా వేరే థ్రెడ్ మీద, ఎంత సేపైనా పట్టనీ. జవాబు వచ్చాక గుర్తు రాయడం మళ్లీ డేటాబేస్ క్యూలో ఇంకో చిన్న పని. ఫొటోలు కుదించడం, పెద్ద నివేదిక తయారుచేయడం లాంటివి కూడా ఈ క్యూలోకి రాకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని అలాంటి పనులు సమాంతరంగా నడవడమే న్యాయం. నాలుగు ఫొటోలు నాలుగు థ్రెడ్ల మీద కుదించుకుంటే ఎవరి లెక్కా చెడదు. చదివే పనులను కూడా, వాల్ పద్ధతిలో ఉంటే, ఈ క్యూ నుంచి తప్పించవచ్చు.

ఇంకో చిక్కు మిగిలింది. పైన చెప్పిన క్యూ ఉండేది ఫోన్ తాత్కాలిక జ్ఞాపకంలో. దడువాయి కాంటా వదిలి ఫోన్ మాట్లాడుతుండగా, మెమరీ చాలక ఆండ్రాయిడ్ మన ఆప్‌ని చంపేయవచ్చు. ఆప్‌తో పాటు క్యూలో మిగిలిన పనులూ పోతాయి. బస్తా రాయడం లాంటి మిల్లీసెకన్ల పనికి ఈ ముప్పు చాలా తక్కువ. తెర మీద అంకె మారిందంటే ఆ బస్తా నిల్వలోకి చేరినట్టే. సర్వర్‌కి పంపే పనికి మాత్రం గంటలు పట్టవచ్చు, ఎందుకంటే రాత్రి ఇంటికి వెళ్లాక గానీ సిగ్నల్ సరిగా దొరకకపోవచ్చు. అలాంటి వాటి కోసం ఆండ్రాయిడ్‌లో వర్క్‌మేనేజర్ ఉంది. దానికి అప్పగించిన పనుల జాబితాను అది తన సొంత ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాసి పెట్టుకుంటుంది. ఆప్ చచ్చినా, ఫోన్ ఆరి మళ్లీ వెలిగినా జాబితా చెక్కుచెదరదు. నెట్‌వర్క్ దొరికినప్పుడే నడవాలని, ఇది అయ్యాకే అది నడవాలని చెప్పి గొలుసు కట్టవచ్చు.

అయితే అది ఒక పనిని ఒక్కసారే నడుపుతుందని అనుకోకూడదు. లాట్ సర్వర్‌కి చేరి, జవాబు తిరిగి వచ్చే దారిలో సిగ్నల్ పోతే, ఫోన్‌కి ఆ సంగతి తెలియదు. మళ్లీ పంపుతుంది. ఒకే లాట్ సర్వర్‌లో రెండుసార్లు పడితే రైతుకి రెండు తక్‌పట్టీలు, అడ్తిదారుకి తలనొప్పి. కాబట్టి ప్రతి బస్తాకీ, ప్రతి లాట్‌కీ ఫోన్‌లోనే, మొదటిసారి రాసేటప్పుడే, మరి దేనికీ ఉండని ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్యతో ఇదివరకే ఒక నమోదు ఉంటే సర్వర్ రెండోదాన్ని పక్కన పెట్టి, అందింది అని మాత్రం జవాబిస్తుంది. ఆ జవాబు అందిన ఫోన్, డేటాబేస్ క్యూలో చివరి చిన్న పని వేసి, లాట్ పక్కన పంపినట్టు గుర్తు రాస్తుంది.